అమ్మ తాళం వేసిన డిస్కు

శుక్రవారం ఉదయం. గజాలా అత్త వంటింట్లో స్ఫింజ్ రొట్టెలు వేయిస్తూ ఎప్పటిలాగే కరెంటు ఆఫీసును తిట్టిపోస్తోంది. నూనెలో పిండి బుస్సున పొంగుతోంది, ఆవిడ నోరూ అంతే. భర్త పోయాక తమ్ముడి ఇంటికి చేరిన మనిషి. చేరిన మర్నాటి నుంచే ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో ఎవరూ అడగాల్సిన పని లేకుండా పోయింది. లిబియా రాజధాని ట్రిపోలీలోని సూక్ అల్-జుమా వీధుల్లో ఆ గొంతు తెలియని కూరగాయల బండివాడు లేడు.

ముందు గదిలో ఆమె మేనకోడలు సుందుస్ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొహంలో భయమూ ఆశా కలగలిసి ఉన్నాయి.

"సుందుస్, ఫోనిలా ఇవ్వమ్మా," అంటూ వచ్చాడు తండ్రి అషూర్, చెప్పులు తొడుక్కుంటూ. "మాంసం తెచ్చేస్తాను. ఇవాళ కుస్కుసులో మాంసం లేకపోతే మీ అత్త నన్నే కోసి వేస్తుంది."

"నీలో ఏముందిరా కొయ్యడానికి, ఎముకలు తప్ప!" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

అషూర్ ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. పింఛను బ్యాంకులో పడుతుంది గానీ బ్యాంకులో నోట్లుండవు. అందుకే ఊరంతా ఫోన్లతోనే చెల్లిస్తోంది. ఆయనకు ఆ సన్న అక్షరాలు కనపడవు కాబట్టి ఖాతాను కూతురి ఫోనులోనే పెట్టించాడు.

"నేను తెస్తాలే నాన్నా."

"కసాయి కొట్టు ముందు ఆ మగాళ్ళ తోపులాటలో నువ్వెందుకు? ఇటివ్వు."

ఇచ్చింది. ఆయన వీధి మలుపు తిరిగాక గానీ ఆమెకు బ్యాంకు సంగతి తట్టలేదు. తట్టగానే గుమ్మం దాకా పరుగెత్తింది, అప్పటికే ఆయన కనపడలేదు.

ఫోన్లు తయారుచేసేవాళ్ళు లోపలి కొన్ని గదులకు తాళం వేసి మరీ అమ్ముతారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకు కూడా అక్కడికి దారి ఉండదు. ఆ తాళం తీసేసి ఫోను మీద పూర్తి అధికారం తెచ్చుకోవడాన్ని రూట్ చేయడం అంటారు. అలా తాళం తీసిన ఫోనులో బ్యాంకు తెరుచుకోదు. సుందుస్ ఆ వారమే ఎవరికీ చెప్పకుండా ఆ పని చేసింది. చేస్తే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని తెలిసీ చేసింది. ముందుగా అన్నీ దాచుకుని, తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకుంది. అంతా బీరువాలో ఉన్న ఒక హార్డ్ డిస్కు కోసం.

అది అక్క నువారా పెళ్ళి డిస్కు. ఆ ఊళ్ళో పెళ్ళంటే మగవాళ్ళకు వీధిలో పందిరి, ఆడవాళ్ళకు నాలుగు గోడల మధ్య రాత్రి. ఆడవాళ్ళు ముసుగులు తీసేసి, జుట్టు విరబోసుకుని, పట్టు కట్టుకుని ఆడతారు, పాడతారు. గుమ్మం దగ్గరే అందరి ఫోన్లూ బుట్టలో వేయిస్తారు. కెమెరా ఆవిడ ఒక్కతే తీస్తుంది, ఆ తీసింది పెళ్ళికూతురి ఇంట బీరువాలోకి వెళ్ళిపోతుంది. అది బయటికి పొక్కిందంటే ఆ ఇంటి గడప మళ్ళీ ఎవరూ తొక్కరు.

సుందుస్ తల్లి ముబ్రూకా అందరికంటే జాగ్రత్త గల మనిషి. "ఏ మగాడి టీవీలోనూ, ఏ ఫోనులోనూ తెరుచుకోకుండా చేసివ్వమ్మా," అని కెమెరా ఆవిడను పట్టుబట్టింది. ఆవిడ తన రకం కంప్యూటర్లకే అర్థమయ్యే పద్ధతిలో డిస్కును సిద్ధం చేసి, ఇంట్లోని పాత లాప్‌టాప్‌ను కూడా అదే రకంగా మార్చి ఇచ్చింది. ఆ వేసవిలోనే కరెంటు ఒక్కసారిగా తన్నుకొచ్చి లాప్‌టాప్ మాడిపోయింది. తర్వాత ముబ్రూకాకు జబ్బు చేసింది. డిస్కు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ముబ్రూకా పోయి మూడేళ్ళు. ఫోటో అంటే చేయి అడ్డం పెట్టే మనిషి కాబట్టి పాస్‌పోర్టు ఫోటో తప్ప ఇంకేమీ మిగల్లేదు. కెమెరా ఆవిడ దేశం వదిలి వెళ్ళిపోయింది. షాపులో ఇద్దామంటే షాపుల నిండా మగవాళ్ళే. ఫోనుకు తగిలిస్తేనేమో, ఈ డిస్కు నాకు తెలియదు, చెరిపేసి కొత్తగా సిద్ధం చెయ్యమంటారా అని అడిగేది.

"పాపం అన్నిసార్లు అడుగుతోంది, అవునని చెప్పవేమే?" అని ఒకసారి గజాలా అత్త వేలు చాపింది.

"అత్తా! అవునంటే అమ్మ పోతుంది!"

ఆ రోజు నుంచీ అత్త ఆ డిస్కు దగ్గరికి వచ్చినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకునేది. తాళం తీసిన ఫోను చేత ఆ డిస్కును చదివించవచ్చని సుందుస్ ఈమధ్యే తెలుసుకుంది.

అషూర్ వట్టి చేతులతో తిరిగొచ్చాడు. తలుపు వేసిన తీరుకే అత్త గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"మాంసమేదిరా?"

"పరువుతో పాటు అక్కడే వదిలేసి వచ్చాను," అంటూ ఫోను బల్ల మీద పెట్టాడు. "కొట్టు నిండా జనం. ఫోను తీస్తే బ్యాంకు తెరుచుకోదు. కసాయి చూసి ఏమన్నాడో తెలుసా? 'హాజీ, దీని తాళం ఎవరో పగలగొట్టారు, అందుకే బ్యాంకు రానివ్వట్లేదు. ఇలాంటి ఫోనులో ఎవడు దూరినా దిక్కుండదు, ఇంట్లో ఆడవాళ్ళ ఫోటోలుంటే జాగ్రత్త' అన్నాడు. అందరూ నా మొహమే చూశారు. ఎవరు చేశారే ఈ పని?"

"నేనే నాన్నా."

"ఎందుకు?"

"అమ్మ కోసం."

అషూర్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నేరుగా బీరువా దగ్గరికి నడిచి, గుడ్డలో చుట్టిన డిస్కును తీశాడు.

"దీన్నా? తాళం లేని ఫోనులోనా? ఈ వీధిలో సగం మంది ఆడవాళ్ళు ఇందులో తల మీద గుడ్డ లేకుండా ఉన్నారు. మీ అమ్మని నమ్మి వచ్చారు వాళ్ళు. రేపు ఒక్క ఫోటో బయటపడితే ఏ మొహం పెట్టుకుని తిరగాలి?"

"సిమ్ము తీసేస్తాను. ఇంటర్నెట్టు ఉండదు. చూసి, వెంటనే తీసేసి, ఫోను మళ్ళీ మామూలుగా చేసేస్తాను. ఒట్టు!"

"తాళం తీసేటప్పుడు నన్నడిగావా? ఇప్పుడు ఒట్టు పెడుతున్నావు." ఆయన వంటింట్లోంచి ఇత్తడి రోకలి తెచ్చాడు. "ఇది తెరుచుకోదు. తెరుచుకోనిది ఉంచి ఎవరికి లాభం? పగలగొట్టి సముద్రంలో కలిపేస్తే అందరి మర్యాదా దక్కుతుంది."

డిస్కును గడప రాతి మీద పెట్టాడు. గజాలా అత్త గబగబా వచ్చి దాని మీద అరచేయి పరిచింది.

"కొట్టు. ముందు నా చెయ్యి విరగ్గొట్టు, తర్వాత డిస్కు సంగతి చూద్దువు. విరిగిన చేత్తో నీకు వంటెవరు చేస్తారో అది కూడా ఆలోచించుకో."

"తియ్యి అక్కా."

"తియ్యను."

సుందుస్‌కు ఏడుపు ఆగలేదు. "నాన్నా, అమ్మ గొంతు మర్చిపోతున్నాను. ఆస్పత్రిలో నీళ్ళడిగిన గొంతొక్కటే గుర్తుంది. నాకు జడ వేస్తూ పాడేది చూడు, ఆ గొంతు ఎంత తల్చుకున్నా రావట్లేదు. ఇంకొన్నాళ్ళు పోతే ఆ నీళ్ళడిగిన గొంతు కూడా పోతుంది. అప్పుడు నా దగ్గర ఏముంటుంది? పాస్‌పోర్టు ఫోటోనా?"

రోకలి అషూర్ చేతిలోనే ఉంది, కానీ చెయ్యి దిగిపోయింది. ఆయన గడప మీదే కూలబడ్డాడు. మాట్లాడినప్పుడు అది తండ్రి గొంతులా లేదు.

"నీకు చూసే వీలుంది తల్లీ. మీ అత్తకీ ఉంది. నాకుందా? అందులో నా భార్య ఉంది, ఆమె చుట్టూ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఉన్నారు. నేను చూడకూడదు. మీరు లోపల తలుపేసుకుని దాన్ని చూసి నవ్వుతుంటే నేను గోడ ఇవతల కూర్చోవాలి. ఆ పెళ్ళి రాత్రి కూడా గోడ ఇవతలే, పందిట్లో మగాళ్ళ గోలలో ఒక్క మాటా తెలియకుండా కూర్చున్నాను. ఇప్పుడు మళ్ళీనా?"

ఇన్నాళ్ళూ పరువు, మర్యాద అంటున్న మనిషి మనసులో అసలున్నది ఇదని ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ అప్పుడే తెలిసింది. సుందుస్ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. అమ్మను పోగొట్టుకున్నది తనొక్కతే అన్నట్టు ఇన్నాళ్ళూ ఏడ్చినందుకు ఆమెకు సిగ్గేసింది.

"నువ్వు చూడొద్దు నాన్నా. విను."

"వినొచ్చా అక్కా?" అషూర్ చిన్నపిల్లాడిలా అడిగాడు.

"పెళ్ళిపాటలు గోడ దాటి వినపడకుండా ఆపినవాడెవడురా?" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. "వీధి చివరి దాకా వినపడేవి."

సుందుస్ సిమ్ము తీసి డిస్కును ఫోనుకు తగిలించింది. డిస్కు టిక్కుమంది, ఆగింది, మళ్ళీ టిక్కుమంది. దీపం వెలిగి ఆరిపోయింది.

"ఫోనిచ్చే కరెంటు దీనికి చాలట్లేదు. రెండు తలల వైరు తెచ్చిపెట్టాను, ఇంకో తలకి చార్జరు తగిలించాలి," అంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. స్విచ్చు వేసింది. ఏమీ లేదు. వంటింట్లో ఫ్రిజ్ మూలుగు కూడా ఆగిపోయి ఉంది.

"పోయిందీ!" అంది అత్త. "సాయంత్రం దాకా రాదు. వీళ్ళ ఆఫీసులో దీపాలు ఆరిపోను!"

సుందుస్ వైరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అషూర్ లేచి, రోకలిని వంటింట్లో దాని చోట పెట్టి వచ్చాడు. మేకుకు వేలాడుతున్న తాళాలు తీసుకున్నాడు.

"కారుంది కదా," అన్నాడు. "సిగరెట్ లైటరు దగ్గర చార్జరు పెట్టుకోవచ్చు."

పెరట్లో ఎండకు కాగిన పాత కారులోకి ముగ్గురూ ఎక్కారు. వెనక సీట్లో సుందుస్, అత్త. ముందు అషూర్. ఇంజను వేసి, వెనక సీటు కనపడకుండా ముందున్న అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నాడు.

ఈసారి డిస్కు దీపం ఆరలేదు. సుందుస్ నల్లటి తెర మీద ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ ఆదేశం టైపు చేసింది. ఫోను ఇప్పుడు ఆమె మాట వింటుంది. చెరిపేయమంటారా అని అడగలేదు. పెళ్ళి వీడియోలు వరసగా తెర మీదికి వచ్చాయి.

మొదటిది నొక్కగానే కారంతా డప్పులు, కిలకిలలు. ఆ హోరులోంచి ఒక గొంతు పైకి లేచింది. కొంచెం బొంగురు, కొంచెం అల్లరి. సుందుస్ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. అషూర్ వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"ముబ్రూకాయేరా," అంది అత్త గుసగుసగా. "నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. వినూ, నీ మీదే పాడుతోంది!"

*కూతురు పోతే పోనీ అన్నాడు మా హాజీ, మీసం మెలేశాడు మా హాజీ,*
*నీళ్ళ ట్యాంకు వెనక నక్కి ఏడ్చాడు మా హాజీ, నేను చూడలేదనుకున్నాడు మా హాజీ!*

ఫోనులో ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు.

"చూసిందా!" అషూర్ గోడతోనే అన్నాడు. "చూసి, అందరికీ చెప్పేసిందా! కూరల కొట్టు దగ్గర ఆడవాళ్ళంతా నన్ను చూసి ఎందుకు నవ్వేవాళ్ళో ఇప్పుడు తెలిసింది!" ఆయన నవ్వుతున్నాడు, ఆ నవ్వుకే కళ్ళ నీళ్ళు గడ్డంలోకి జారుతున్నాయి. అత్తకు ఆ రోజు మాంసం గుర్తే లేదు.

పాటలన్నీ అయ్యాక అన్నిటికంటే చివర ఒక చిన్న ముక్క కనిపించింది. సుందుస్ దాన్ని నొక్కి, ఒక్క చూపు చూసి, వెంటనే ఆపింది.

"నాన్నా, ఇటు తిరుగు."

"వద్దమ్మా. వాళ్ళంతా..."

"ఎవరూ లేరు. ఇందులో అమ్మ ఒక్కతే ఉంది. నీ కోసమే తీయించింది."

అషూర్ వెంటనే తిరగలేదు. మొహం చేతిరుమాలుతో తుడుచుకున్నాడు, టోపీ సర్దుకున్నాడు. తర్వాత సీటులో మెల్లగా వెనక్కి తిరిగాడు.

ముబ్రూకా ఒక ఖాళీ గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒంటి మీద బంగారు చారల ఎర్ర పట్టు. కూతురి పెళ్ళికని ఆయన తన మొదటి నెల పింఛనుతో కొన్నది, మడత విప్పి ఆమె కట్టుకున్నాక ఆయన చూడనే లేదు. అలవాటు కొద్దీ చెయ్యి మొహానికి అడ్డం పెట్టబోయి, ఆగి, దించేసింది.

"తీస్తున్నావా?" అని కెమెరా ఆవిడను అడిగింది. తర్వాత నేరుగా ఇటు చూసింది. "ఏవయ్యా, నువ్వు కొన్నదే. రంగు ముదురైందని షాపులోనే గొడవ పెట్టుకున్నాను గదా. ఎలా ఉందో చెప్పు మరి. బాగుందా?"

సిగ్గుపడి నవ్వింది. అక్కడితో అయిపోయింది.

అత్త సుందుస్ చేతిని పట్టి ఫోనును తమ్ముడికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"బాగుంది," అన్నాడు అషూర్. మళ్ళీ అన్నాడు. "చాలా బాగుంది ముబ్రూకా."

సుందుస్ ఆయన భుజం మీద తల ఆనించింది. ఆయన ఆమె తల నిమురుతూ, కళ్ళు మాత్రం తెర మీద నుంచి తీయలేదు.

"మళ్ళీ పెట్టమ్మా," అన్నాడు. "ఇంకోసారి అడగనీ."