పన్నెండేళ్ల నాటి కోపం

కాకినాడ పునఃస్థాపన కేంద్రంలో ఆ ఉదయం పదకొండు మంది తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఒకాయన భయాన్ని తిరిగి పెట్టించుకోవడానికి వచ్చాడు; సముద్రంలోని గాలిమరల మీద పనిచేసినన్నాళ్లూ అది లేకుండానే బతికాడు. హైమావతికి కోపం కావాలి.

చెవి వెనక అమర్చే చిత్తఫలకం వచ్చాక మనుషులను ఉద్యోగాలకు తగ్గట్టు మలచడం తేలికైంది. ఉద్యోగానికి అక్కర్లేనివన్నీ ఐచ్ఛిక భాగాలు. వాటిని తొలగించే ముందు మనసు మొత్తానికీ ఒక సమగ్ర ప్రతి తీసి భద్రపరుస్తారు. ఉద్యోగం ముగిశాక అడిగినవాళ్లకు అందులోంచి ఆ ఒక్క భాగాన్నీ వేరుచేసి తిరిగి ఇస్తారు. హైమావతి పన్నెండేళ్ల కిందట ఫిర్యాదుల విభాగంలో చేరుతూ కోపాన్ని వదులుకుంది; ఇప్పుడు ఆ ఉద్యోగం ముగిసింది.

దరఖాస్తు నింపింది చెల్లెలు కుసుమే. పన్నెండేళ్లుగా అక్కను తన ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటోంది.

"నిన్న బస్సులో ఎవడో తోసేసి ఈవిడ సీట్లో కూర్చుంటే నవ్వి ఊరుకుందండి," అని కుసుమ నిపుణుడితో చెప్పింది. "మనిషన్నాక కాస్తయినా ఉండాలి కదండీ."

"ప్రతి తీసిన రోజున ఎలా ఉందో అలాగే వస్తుందండి," అన్నాడతను. "తర్వాత జరిగినవేవీ దానికి తెలియవు." తేదీ చదివి వినిపించాడు. ఇద్దరూ తలూపారు.

హైమావతి కూతురు నిషిత చనిపోయిన నెల రోజులకు తీసిన ప్రతి అది. పాప పోయినప్పుడు హైమావతి తనను కుసుమ దగ్గర వదిలి, శిక్షణ కోసం వేరే ఊళ్లో ఉంది. ఆరేళ్ల పాపకు మూడు రోజులు జ్వరం కాసింది. అదే తగ్గుతుందని కుసుమ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. నాలుగో రోజు పాప లేదు. నెలరోజులు హైమావతి చెల్లెలి ముఖం చూడలేదు. ఉద్యోగంలో చేరిన వారానికి తనే వచ్చి, "పోనీలేవే, కావాలని చేశావా," అంది.

పునఃస్థాపనకు అరగంట పట్టింది. హైమావతి బయటికి రాగానే కుసుమ మజ్జిగ గ్లాసు అందించింది. హైమావతి తీసుకోలేదు.

"పాపని ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదే?"

"అక్కా, పోనీలే అన్నావు కదా," అంది కుసుమ.

"అన్నాను. అప్పుడు నాలో కోపం లేదు."

వెనకే వచ్చిన నిపుణుడు ఇబ్బందిగా కదిలాడు. "కావాలంటే ఇప్పుడే తీసేస్తానండి. పది నిమిషాల పని."

కుసుమ ఆశగా అక్క వైపు చూసింది.

"వద్దు బాబూ," అంది హైమావతి. "నా బిడ్డ కోసం నేను కోపంగా ఉన్నది ఒక్క నెలే."

ఆ సాయంత్రమే ఆమె రమణయ్యపేటలోని మహిళా హాస్టల్‌కు మారిపోయింది. తను కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆరు నెలలు స్నానం చేయించింది ఈ చెల్లెలేనని ఆమెకు గుర్తుంది. గుర్తున్నా కోపం తగ్గలేదు.

రెండో ఆదివారం కుసుమ వెళ్లింది. హైమావతి గుమ్మం దగ్గరే నిలబెట్టి, ఆ మూడు రోజులూ ఏ పూట ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమంది. ఇన్నేళ్లలో కుసుమను ఎవరూ అలా అడగలేదు. ఆమె నిలబడే అంతా చెప్పింది. రెండో రాత్రి పాప అమ్మ కావాలని అడిగిన సంగతి కూడా.

హైమావతి చివరిదాకా విని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.