ఇరవై అడుగుల దూరంలో

ఆదివారం ఉదయం ఏడూ ఇరవై. మహాబలిపురం రాతిగుడి పక్కన జాలర్లు ఒక శవాన్ని ఒడ్డుకు చేర్చారు.

రుక్మిణమ్మ. వయసు నలభై ఆరు. ఊరు నగరి.

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకు మొగుడితో కలిసి వెళ్ళిన మొదటి షికారు అది. కరెంటు పనుల వల్ల నగరిలో మరమగ్గాలు రెండు రోజులు ఆగాయి. లేకపోతే అదీ ఉండేది కాదు.

సోమవారం పది గంటలకు ఆమె తమ్ముడు గోవిందయ్య నగరి స్టేషన్‌కు వచ్చాడు. చిత్తూరులో మామిడికాయల వ్యాపారి.

"మా బావే సంపినాడు మేడమ్!"

ఆవేశపడే బంధువులను ఎస్సై రాజశ్రీ అంత తేలిగ్గా నమ్మదు. కానీ ఈ ఆవేశానికి సాక్షి ఉంది. ఒడ్డున గవ్వల దండలమ్మే సిద్ధమ్మ. పుట్టిల్లు పుత్తూరు. ఫోన్‌లో గడగడా చెప్పింది.

"ఆయమ్మ ఆరుసార్లు పిలిసింది మేడమ్. నేను గుడికాడి నుంచి పరిగెత్తే లోపల మునిగిపొయ్యింది. ఆయప్ప ఇరవై అడుగుల దూరంలో అటు తిరిగి చిత్రాన్నం పొట్లం విప్పుతా ఉన్నాడు. తిరిగి సూస్తే గదా!"

పోస్టుమార్టం రిపోర్టు: నీట మునిగి మృతి. గాయాలు లేవు.

రుక్మిణమ్మ మొగుణ్ణి రాజశ్రీ ఎదురుగా కూర్చోబెట్టింది. పేరు మునిచంద్ర. మగ్గం మీద ఇరవై ఎనిమిదేళ్ళు.

"నీ భార్య పిలవలేదా?"

"లేదు మేడమ్."

"ఒక్కసారి కూడా?"

"పిలిస్తే పోనా? సప్పుడు లేకుండా పొయ్యింది. భయపడకుండా పొయ్యిందిలే. ఆ ఒక్క మాట పట్టుకోనే బతికుండా."

ఫైలు కోసం బీరువా వైపు తిరిగి అడిగింది. "ఇంట్లో గొడవలున్నాయా?"

జవాబు లేదు. మళ్ళీ అడిగింది. అప్పుడూ లేదు.

గట్టి పిండమే అనుకుంది రాజశ్రీ. పోలీసు బుర్ర ముందు అటే పోతుంది మరి.

మంగళవారం పదకొండు గంటలకు అతను పనిచేసే షెడ్డుకు వెళ్ళింది. పది మగ్గాలు దడదడలాడుతున్నాయి. ఓనరు కుప్పయ్య నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. పనివాళ్ళు చేతులతో సైగలు చేసుకుంటున్నారు. ఎవరూ ఎవర్నీ వెనక నుంచి పిలవడం లేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, భుజం తట్టి మాట్లాడుతున్నారు.

బయటికొచ్చాక అడిగింది. "చెవులు దెబ్బతినవా?"

"మాకు సెవుడేంది మేడమ్?" కుప్పయ్య నవ్వాడు. "మొగం జూసి మాట్లాడితే అందురికీ ఇనపడతాది."

రాజశ్రీకి నిన్నటి బీరువా గుర్తొచ్చింది.

సాయంత్రం నాలుగు గంటలకు స్టేషన్‌లో అందరినీ కూర్చోబెట్టింది. సిద్ధమ్మ కూడా వచ్చింది. రాజశ్రీ మునిచంద్ర వెనక్కి వెళ్ళి, గొంతు చించుకుని అరిచింది.

"మునిచంద్రా!"

వరండాలో కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు. మునిచంద్ర కదల్లేదు. అందరి చూపులూ తన వెనకకు పోవడం చూశాక తిరిగాడు.

"ఏమైంది మేడమ్?"

ఆమె ఎదురుగా వచ్చింది. "నీకు చెవులు పోయి చాలా ఏళ్ళయింది. పెదాలు చూసి మాట పట్టుకుంటున్నావు. నిన్న నేను బీరువా వైపు తిరిగి అడిగితే నీకు తెలియనే లేదు. ఆదివారం కూడా అంతే. నువ్వు ఏ తప్పూ చేయలేదు."

"అక్క ఎప్పుడూ ఎదురుగా పోయే మాట్లాడేది," గోవిందయ్య నీరుగారిపోయాడు. "బావా, మన్నించు."

మునిచంద్ర ఆ మాట పట్టించుకోలేదు. అతన్ని విడిపించే మాటే అతనికి మిగిలిన ఒక్క ఓదార్పునూ లాగేసింది. అది తెలిసే చెప్పింది రాజశ్రీ. వేరే దారి లేదు.

"అయితే... పిలిసిందా?"

సిద్ధమ్మ తలూపింది.

"ఏమని పిలిసింది తల్లీ?"

"పేరు పెట్టి. మునిచంద్రా అని."

"ఇన్నేండ్లలో నా పేరు నోట పలకలేదు మేడమ్. మొగుడి పేరు పలికితే ఆయుస్సు తగ్గతాదనేది."

కుర్చీ సిద్ధమ్మ ముందుకు జరుపుకున్నాడు.

"ఆయమ్మ ఎట్ల పిలిసిందో అట్లే అను తల్లీ. నేను సూస్తా."

సిద్ధమ్మ కళ్ళు తుడుచుకుని పిలిచింది. అతను ఆమె పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇంకొకసారి," అన్నాడు.