గోడలో తడి

తందూరులో రొట్టెలు అంటించి నఫోసత్ లోపలికి వచ్చేసరికి వంటగది గోడ మోకాలెత్తున తడిసి ఉంది. పచ్చి ఇటుకల గోడ, ఇలాగే నానితే కూలిపోతుంది.

"చూశావా నీ తమ్ముడి నిర్వాకం!" భర్త ఇక్రోమ్ సుత్తి పట్టుకొచ్చాడు. పోయిన నెల ఆ గోడలో ప్లాస్టిక్ గొట్టాలు వేసినప్పుడు మామగారు ఎర్గష్‌కి సాయం వచ్చింది ఆమె తమ్ముడు బోతిరే. గొట్టాల పనిలో ఎర్గష్‌కి మర్గిలాన్ ఊరంతటా తిరుగులేదు.

"చూడకుండా మావాణ్ని అనకండి."

"అంటాను! ఈ జాయింటు అతికించినవాడి చేతులు పడిపోను!"

నఫోసత్‌కి ఒళ్లు మండిపోయింది. వాకిట్లో బల్లమంచం మీద చాయ్ ముందు కూర్చున్న మామగారిని చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

గోడ పగలగొడితే గొట్టం జాయింటులోంచి వేలెడు బయటికి జరిగి ఉంది. జిగురు పూసి లోపలికి నెట్టాక బిగిసేదాకా గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే గొట్టం తనంతట తానే వెనక్కి వచ్చేస్తుంది.

"పట్టుకోకుండా వదిలేశాడు వెధవ! ఇప్పుడే వెళ్లి వాణ్ని వీధిలో నిలబెట్టి కడిగేస్తాను."

"అది అతికించింది నేను," అన్నాడు ఎర్గష్, గుమ్మంలోకి వచ్చి.

"వాణ్ని వెనకేసుకు రాకు నాన్నా. నీ చేతి జాయింటు కారడమేంటి?"

"కారింది! చెయ్యి వణికి పట్టుకోలేకపోయాను. చాలా, వీధంతా వినేలా అరవమంటావా?"

ఇక్రోమ్ భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"చాయ్ పోసేదాన్ని, నాకు తెలీదా? మర్యాదకి ఎవరికైనా సగం కప్పే పోస్తాం. మామయ్యకి చలికాలం నుంచి గుక్కెడే పోస్తున్నాను, ఒలికితే మీ కంట పడుతుందని. రోజూ పక్కనే కూర్చుంటారు, ఒక్కసారైనా చూశారా? మా తమ్ముణ్ని తిట్టడానికి మాత్రం ముందుంటారు!"

ఇక్రోమ్ బల్లమంచం మీది కప్పు వైపు చూశాడు. అడుగున గుక్కెడు చాయ్ ఉంది. ఇందాక తానన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. కళ్లు నిండాయి.

"ఏడుపు తర్వాత, ముందు నీళ్లు కట్టేసి కొత్త ముక్క కొయ్యి," కసిరాడు తండ్రి. "తుడువు, తడి ఉంటే పట్టదు. ఊఁ, పుయ్యి."

"బోతిర్ దగ్గరికి వెళ్తానన్నారుగా, అదయ్యాక వెళ్లండి," అంది నఫోసత్. "క్షమించమని అడిగి రండి."

ఇక్రోమ్ తలూపాడు. తండ్రి వణికే చేతుల్ని గొట్టం మీద పెట్టించి, వాటి మీద తన చేతులు వేసి నెట్టి పట్టుకున్నాడు.

"చాల్లేరా, బిగిసింది," అన్నాడు ఎర్గష్ కాసేపటికి.

ఇక్రోమ్ వదల్లేదు.