ఎవరూ అడగని వాటికి జవాబులు

చెవికి తగిలించిన తోడుగొంతు యంత్రం పేరడిగింది. నూకరత్నం చెప్పింది. ఊరడిగితే కాకినాడ అంది. ఇప్పుడెక్కడున్నావంటే ఆపరేషన్ అయినవాళ్ళు కోలుకునే కోలుబడిలో అంది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగేసరికి మాత్రం ఎప్పటిలాగే నాలుక ఆగిపోయింది.

“నువ్వు, నీ భర్త సూరిబాబు. మీరిద్దరే,” అని తోడుగొంతు మెత్తగా అందించింది.

“మేమిద్దరమే,” అని అప్పజెప్పింది నూకరత్నం. చెప్పాక ఎందుకో తల తిప్పి మంచం అటుపక్కకి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

పుర్రె తెరిచి గడ్డ తీయించుకున్నవాళ్ళకి కోలుకోవడమే ఉద్యోగం. పొద్దున్నే హాజరు, ఆపైన మాటల సాము, తర్వాత నేల మీద గీసిన గీత వెంబడి నడక. హాయిగా పడుకుని తినడమేగా అనుకుంటారు చూసేవాళ్ళు. చేసి చూస్తే తెలుస్తుంది! దువ్వెన చూపించి ఇదేమిటంటారు. అదేమిటో తెలుసు, దాంతో ఏం చేస్తారో తెలుసు, పేరు మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. నాలుగడుగులు వేస్తే ఊరు చుట్టి వచ్చినట్టు కాళ్ళు తేలిపోతాయి. కుట్ల దగ్గర ఒకటే దురద. గోకబోతే మణికట్టు పట్టీ చిన్న చురక పెడుతుంది. కిటికీ వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటుంది. వాపు మందు పుణ్యమా అని ఆకలి ఇంతా అంతా కాదు. ఉన్నట్టుండి ఏడుపొస్తుంది, ఎందుకమ్మా అంటే తనకీ తెలియదు. ఇవన్నీ మామూలేనని తోడుగొంతు చెబుతూనే ఉంటుంది. మామూలు కానిది ఇంకొకటుంది.

నూకరత్నం ఎవరూ అడగని వాటికి జవాబులు చెబుతోంది.

మొన్న ఇడ్లీ తింటూ తింటూ, “చూసే వేశానండీ ఉప్పు,” అంది. నిన్న నడక మధ్యలో ఆగి, “వస్తున్నా, వస్తున్నా! నాకేమన్నా నాలుగు చేతులున్నాయా?” అని గోడ మీద విరుచుకుపడింది. ఆ వెంటనే తెల్లబోయింది. ఎవరిని కసిరిందో తెలియదు. కోపం మాత్రం అచ్చమైన కోపం. పైగా అలా కసిరాక ప్రాణానికి హాయిగా కూడా ఉంది, అదీ విచిత్రం.

“అవి మిగులుమాటలమ్మా,” అంది సలోమి. ఆ వార్డులో పూడికదారు ఆవిడే. “గడ్డతో పాటు జ్ఞాపకాల ముక్క కూడా కొంత పోయింది కదండీ. ఆ గుంటలో మీవారు చెప్పిన వివరాలతో పూడిక పోశాం. ఇప్పటిదాకా పచ్చిగా ఉంది. ఇవాళ మధ్యాహ్నం గట్టిపాటు. నిద్ర లేచేసరికి అతుకు కూడా తెలియదు. అంతా మీ సొంత జ్ఞాపకమే అనిపిస్తుంది.”

“మరి ఈ మాటలో?”

“ఆయ్, కరిగిపోతాయండి. గుంట అంచున మిగిలిన చెత్తేగా.”

“చెత్తయితే నాకింత కోపమెందుకొస్తుందమ్మా?”

సలోమి నవ్వేసి, గట్టిపాటుకి ఒప్పుకోలు తీసుకునే పలక బల్ల మీద పెట్టింది. ఒప్పుకున్నట్టు దాని మీద బొటనవేలు ఆనిస్తే చాలు, రేపు ఇంటికి పోవచ్చు. ఆ తర్వాత సముద్రపుగోడ మీది ఉద్యోగానికీ పోవచ్చు. పోటు వచ్చే వేళకి ఊరి తూములు మూయడం నూకరత్నం పని. ఆ గోడ మీద గాలికి నిలబడటమంటే ఆమెకి ప్రాణం. గుంట పూడని బుర్రకి తూము అప్పగించరు, అది రూలు.

భోజనం వేళకి సూరిబాబు క్యారియర్ పట్టుకుని వచ్చాడు. ఆయనదీ బోడిగుండే, మీసం కూడా లేదు. ఆపరేషన్ బాగా జరిగితే జుట్టిస్తానని మొక్కుకున్నాడట. “ఇద్దరివీ గుండ్లే, ఎవరు పేషెంటో తెలియక నర్సులు చస్తున్నారు,” అని రోజూ అదే వేళాకోళం. నూకరత్నం రోజూ నవ్వుతుంది, ఇవాళా నవ్వింది. ఆయన వంకాయ కూర వడ్డించాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కూర మాడింది.

నోరు దానంతటదే తెరుచుకుంది. “నేను చెయ్యలేదు. కావలిస్తే మీ అబ్బాయినే అడగండి!” అంది, గడ్డంతో సూరిబాబుని చూపిస్తూ.

సూరిబాబు చేతిలో గరిటె ఆగిపోయింది.

నూకరత్నం తన మాట తనే విన్నది. బుర్ర ఎంత గందరగోళంగా ఉన్నా ఆపాటి లెక్క కట్టగలదు. “ఏవండీ, మిమ్మల్ని చూపించి మీ అబ్బాయి అన్నాను. ఎవరితో అన్నాను?”

“అలాంటివారెవరూ లేరు. భోజనం కొనసాగించు,” అంది తోడుగొంతు.

“ఏదో మిగులుమాటలే, తిను,” అన్నాడు సూరిబాబు. గరిటె పక్కన పెట్టి, కండువాతో ముఖం కప్పుకున్నాడు.

“నువ్వన్నది మా అమ్మతో, రత్నం. అచ్చాయమ్మ. నిన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన మర్నాడే పోయింది. ఈ గుండు మొక్కు కాదు.” కండువా దించి కళ్ళు తుడుచుకున్నాడు. “ఒంట్లో బాగోని మనిషికి చావు కబురు చెప్పకూడదన్నారు మనవాళ్ళందరూ. ఉందని పూడికలో చెబితే ఎక్కడుందని అడుగుతావు. అందుకని… అసలు మనింట్లో అలాంటి మనిషే లేదని చెప్పేశాను.”

నూకరత్నం దుఃఖం కోసం ఎదురు చూసింది. రాలేదు. అచ్చాయమ్మ అని లోపల అనుకుంది. ముఖం రాలేదు, గొంతు రాలేదు. ఏ చీర కట్టేదో, ఎక్కడ కూర్చునేదో ఏమీ లేదు. ఎవరో తెలియని మనిషి కోసం ఎలా ఏడవాలో ఆమెకి అంతుపట్టలేదు. భయమేసింది.

“నాకూ ఆవిడకీ పడేదా?”

సూరిబాబు ఏడుపులోనే నవ్వాడు. “పడ్డమా! ఉప్పూ నిప్పూ. పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ భారతమే. అందుకే, తీసేస్తే నీకూ కాస్త ప్రశాంతంగా ఉంటుందిలే అనుకున్నా.”

“ప్రశాంతం!” అంది నూకరత్నం. ఆ ఒక్క మాటకి ఒళ్ళు మండిపోయింది.

గొంతులు విని సలోమి వచ్చింది. సంగతి తెలిశాక ఆవిడ ముఖం చిన్నబోయింది గానీ, పని తెలిసిన మనిషి కదా, వెంటనే తేరుకుంది. “దానికేముందండీ, సాయంత్రానికి వాయిదా వేద్దాం. మీవారు అత్తగారి గురించి చెబుతారు, అదీ కలిపి పోసేస్తాం. అత్తగారు వచ్చేస్తారు.”

“ఈయన చెబుతారా?” నూకరత్నం భర్తని ఎగాదిగా చూసింది. “ఏవండీ, మేము పోట్లాడుకునేటప్పుడు మీరెక్కడుండేవారు?”

“వీధిలోకి పోయేవాణ్ణి,” అన్నాడు సూరిబాబు తల దించుకుని.

“చూశావా అమ్మా. ఈయన చెప్పి పోయిస్తే వచ్చేది ఈయన వాళ్ళమ్మ. మా అత్తగారు రాదు. ఆవిడవి నా దగ్గర మిగిలినవి ఈ నాలుగు జవాబులే. వాటినీ కడిగేస్తారా?”

“ఆలోచించుకోండి. గుంట అలాగే ఉంటే తూము ఉద్యోగం ఇవ్వరు. ఈ అయోమయం ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, జీవితాంతం ఉండొచ్చు.”

నూకరత్నానికి సముద్రపుగోడ మీది గాలి గుర్తొచ్చింది, అది ఎవరూ పోయని జ్ఞాపకం. కళ్ళు చెమ్మగిల్లాయి. బొటనవేలు గుప్పిట్లో ముడుచుకుంది.

“గుంట అలాగే ఉండనీ,” అంది.

సలోమి పలక అటూ ఇటూ తిప్పి చూసింది. గట్టిపాటు ఇవాళ అనడానికి ఒక చోటుంది, మరోరోజు అనడానికి ఒక చోటుంది. “వద్దనడానికి ఇందులో చోటు లేదండీ.”

“లేకపోతే పెట్టించండి,” అంది నూకరత్నం. చెవిలో తోడుగొంతు ఇంట్లో ఎవరెవరుంటారని మళ్ళీ మొదలుపెట్టింది. దాన్ని ఊడదీసి పళ్ళెం పక్కన పడేసింది. “ఏవండీ, అడగండి.”

“ఏంటి?”

“మా అత్తగారు అడిగినట్టు. ఏదో ఒకటి. వీధిలోంచైనా వినపడే ఉంటుందిగా.”

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ ఇద్దరి మధ్యా ఒక్కసారి నోరెత్తని సూరిబాబు గొంతు సవరించుకున్నాడు. తల్లి నడుం మీద చెయ్యి వేసుకునేదని గుర్తొచ్చి తనూ వేసుకున్నాడు.

“ఏమే! పొయ్యి మీద పాలు పెట్టి ఏ లోకంలో ఉన్నావే?”

క్షణమైనా ఆగకుండా ఆమె నోరు అందుకుంది. “మీరున్న లోకంలోనేనండీ అత్తయ్యా, మిమ్మల్నొదిలి ఎక్కడికి పోతాను!”

అప్పుడొచ్చింది ఏడుపు. నూకరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ముఖం ఇంకా రాలేదు. సూరిబాబు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

సలోమి పలక పట్టుకుని పక్క మంచం దగ్గరికి నడిచింది. అక్కడ ముసలాయన బొటనవేలు అప్పటికే చాపి సిద్ధంగా ఉన్నాడు. కొడుకూ కోడలూ కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. సలోమి పలకని వెనక్కి లాక్కుంది.

“ఒక్కమాటండీ,” అంది వాళ్ళిద్దరితో. “మీ వివరాల్లో ఎవరినైనా చెప్పకుండా వదిలేశారా?”

కొడుకు కోడలి వైపు చూశాడు. కోడలు ముసలాయన వైపు చూసింది. ముసలాయన బొటనవేలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.