మూడో కమాను కింద

ఆ ఏడు కమాన్ల సందులో దీపం నిలవదు. మునిసిపాలిటీ వాళ్ళు బల్బు పెడతారు… వారం తిరక్కుండా మాడిపోతుంది. మళ్ళీ పెడతారు, మళ్ళీ మాడిపోతుంది. చివరికి విసుగొచ్చి మానేశారు.

పాత గోదాముల బజారు నుంచి ఏటి రేవుకి వెళ్ళే అడ్డదారి అది. పైన మూడంతస్తుల గోదాము, దాని పొట్టలోంచి సొరంగంలా దారి. పగలు అందరూ నడుస్తారు. చీకట్లో మాత్రం పాలబండి వాడు కూడా చుట్టు తిరిగే పోతాడు. ఎందుకంటే ఆ సందులో మీరు నడిస్తే మీ వెనక ఇంకెవరో నడుస్తారట. మీరు ఆగితే వాళ్ళూ ఆగుతారట. వెనక్కి తిరిగి చూస్తే…

తిరిగి చూసినవాళ్ళు ఏం చూశారో ఒక్కళ్ళూ సరిగ్గా చెప్పరు. కాపలావాడి దెయ్యం అని ఒకడు, బస్తాల కింద నలిగిపోయిన కూలీ అని ఇంకొకడు. నోటికొక మాట.

ఇది నేను చూసింది కాదు. మా బావ వేడినీళ్ళ బకెట్లో కాలు పెట్టుకుని చెప్పాడు. మధ్యమధ్యలో మా అక్క దిద్దింది.

మా బావ పని వింటే జనం నవ్వుతారు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని పరిగెత్తిస్తూ పాత కట్టడాలు చూపిస్తాడు. రోడ్డు మీదకి బళ్ళు రాకముందు, తెల్లవారుజామున నాలుగున్నరకి గడియారం మేడ దగ్గర అందరూ చేరతారు. తలకి కట్టుకునే లైట్లు, కాళ్ళకి బూట్లు. ఒక వీధి పరుగు, ఒక చోట ఆగడం — “ఆ కిటికీ మీద పువ్వు చూడండి. పన్నెండు రేకులు. ఒక్క రేకు తిరగబడింది. చెక్కినవాడు ఆ రోజు ఏ పరధ్యానంలో ఉన్నాడో!” — వాళ్ళు ఊపిరి పీల్చుకునేలోపు కథ అయిపోతుంది, మళ్ళీ పరుగు.

పదిహేడేళ్ళుగా ఇదే పని. ఏ గోడలో ఏ రాయి వంకరో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా అక్క మొహంకన్నా మా మెట్ల కటకటాలే ఎక్కువసేపు చూశాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. మేమంతా ఆయన్ని ‘బిల్డింగుల బావ’ అంటాం.

అలాంటి మనిషి దగ్గరికి ఒక అమ్మాయి పని నేర్చుకోవడానికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, పరిగెడితే నేల తగులుతోందా లేదా అన్నట్టుండేది. అందరూ ‘జింక’ అనేవారు. బావే దగ్గరుండి అన్నీ నేర్పాడు — ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి, రాయి మీద చెయ్యి వేసి ఎలా చూపించాలి… అన్నీ.

నాలుగు నెలలు తిరిగేసరికి వచ్చినవాళ్ళు బావ పనిచేసే టూరు ఆఫీసుకి ఫోన్ చేసి అడగడం మొదలెట్టారు. “ఆ అమ్మాయి ఉంటే మేమొస్తాం.”

నాలుగున్నర బ్యాచ్ జింకకి వెళ్ళిపోయింది. బావకి ఆరు గంటల బ్యాచ్ మిగిలింది. అందులో వచ్చేది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయన మోకాలికి పట్టీ.

“మీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని సార్,” అన్నాడట మేనేజరు.

విశ్రాంతి! ఆ మాట బావ గొంతులో ముల్లులా దిగింది. మింగుడు పడదు, కక్కుదామంటే రాదు. ఆ రాత్రి పడుకోలేదు. నా మాటలు, నేనాగే చోట్లు, నా తిరగబడ్డ రేకు… అన్నీ అమ్ముకుంటోంది, పైగా నాకే విశ్రాంతి! అనుకుంటూ దొర్లాడు.

“కుళ్ళుకున్నావన్నమాట,” అన్నాను.

“కుళ్ళు కాదురా, బాధ్యత. తప్పులు చెప్తుందేమోనని,” అన్నాడు బావ.

“కుళ్ళే,” అంది అక్క వంటింట్లోంచి.

మర్నాటి నుంచి బావ ఆ పిల్ల బ్యాచ్ వెనకాలే పోవడం మొదలెట్టాడు. నల్ల చొక్కా, తలకి లైటు లేదు. వాళ్ళు ఒక వీధి ముందుంటే ఈయన ఒక గోడ వెనక. వాళ్ళాగితే తనూ ఏ స్తంభం చాటునో ఆగి చెవులు రిక్కించి వినడం. జేబులో చిన్న నోటు పుస్తకం. ఆమె చెప్పిన తప్పులు రాసుకుని మేనేజరు ముందు పెట్టాలని.

మొదటి రోజు మూడు తప్పులు. కడుపు నిండినట్టయింది. రెండో రోజు రెండు. మూడో రోజు ఒకటే. నాలుగో రోజు వెతికి వెతికి ఏమీ దొరక్క, ‘ఎర్ర రిబ్బను కట్టుకుంది. గొంతు బాగుంది. అందరూ కళ్ళార్పకుండా ఆమెనే చూస్తున్నారు’ అని రాసుకున్నాడు.

ఐదో రోజు వెళ్ళలేదు. వెళ్దామని మెట్లు దిగుతుంటే చీలమండ మడతపడింది. అక్క కట్టు కట్టి మంచమ్మీద పడుకోబెట్టింది. సాయంత్రం దాకా కదలనివ్వలేదు. ఆరు గంటల బ్యాచ్ కూడా ఆ రోజు లేదు.

ఆరో రోజు… నాలుగింటికే లేచి, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని, కుంటుకుంటూ బయల్దేరాడు.

“కాలు బాగాలేదుగా, ఎందుకెళ్ళావు?” అని అడిగాను.

“ముందురోజు ఏం తప్పు చెప్పిందో వినలేకపోయానే అని మనసు పీకింది,” అన్నాడు.

ఆ రోజు మామూలు కంటే చీకటిగా ఉంది. మబ్బు. ఏటి మీంచి మంచు లేచి వీధుల్లోకి పాకింది. ముందు జింక, ఆమె వెనక పదిమందో పదకొండుమందో. వాళ్ళ తల లైట్లు మంచులో మసకమసకగా ఊగుతూ పోతున్నాయి. బావ కాలీడ్చుకుంటూ వెనక.

గోదాముల బజారు దాటాక వాళ్ళు ఏడు కమాన్ల సందులోకి తిరిగారు.

బావకి ఆ సందంటే భయం లేదు. పదిహేడేళ్ళు జనాన్ని అందులోంచి పరిగెత్తించినవాడు. అయితే అప్పుడెప్పుడూ ఒంటరిగా లేడు. చుట్టూ పాతిక కాళ్ళు ఉండేవి, లైట్లు ఉండేవి. ఇప్పుడు లైటు లేదు. వాళ్ళ వెలుగు ముందుకి పోయిన కొద్దీ వెనక చీకటి మూసుకుంటోంది… బావి మీద మూత వేసినట్టు.

మొదటి కమాను దాటాడు. తన అడుగులు తనకే వినబడుతున్నాయి. ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చినట్టు. టప్… సర్ర్. టప్… సర్ర్.

రెండో కమాను.

టప్… సర్ర్. టప్… సర్ర్. దాని వెనకాలే — టప్ టప్ టప్.

బావ ఆగాడు.

అదీ ఆగింది.

ప్రతిధ్వని అనుకున్నాడు. కమాన్ల కింద మామూలే, తనే ఎంతమందికో చెప్పాడు. మళ్ళీ నాలుగడుగులు వేశాడు. వెనక నాలుగడుగులు… ఐదు. ఆరు.

ప్రతిధ్వనైతే అదీ కుంటాలి కదా. తను కుంటుతుంటే అది సాఫీగా నడుస్తుందా?

చొక్కా లోపల చెమట చల్లగా జారింది. ముందు వాళ్ళ లైట్లు అప్పటికే సందు చివర్లో ఉన్నాయి. అరుద్దామంటే — అరిస్తే తను వెంటపడ్డ సంగతి బయటపడుతుంది. ఆ పిల్ల ముందు పరువు పోతుంది. చూడండి, ప్రాణం మీదికొచ్చినా మనిషికి పరువే ముందు!

మూడో కమాను కిందికి చేరేసరికి ఎవరో ఊపిరి పీల్చడం వినబడింది. దగ్గర్లో. మరీ దగ్గర్లో. మెడ వెనక వెచ్చగా…

భుజం మీద చెయ్యి పడింది.

బావ పెట్టిన కేకకి గోదాము పైన పావురాలన్నీ లేచాయట.

“అరవకండి! నేనే!”

మా అక్క. పాత చెప్పులు, తలకి శాలువా. ఊపిరి అందక రొప్పుతోంది.

“నువ్వా! నువ్వేంటే ఇక్కడ?”

“ఆ మాట నేనడగాలి. ఆరింటికి డ్యూటీ ఉన్న మనిషి నాలుగింటికి ఎక్కడికి పోతున్నారు? అదీ కుంటి కాలితో!” అక్క చేతిలో బావ నోటు పుస్తకం. ముందు రోజు కట్టు కడుతూ జేబులోంచి తీసింది. “ఎర్ర రిబ్బను కట్టుకుంది… గొంతు బాగుంది… ఏవండీ, ఇన్నేళ్ళలో నా గొంతు గురించి ఒక్క ముక్క రాశారా?”

బావ నవ్వాలో ఏడవాలో తెలియక గోడకి చేరబడ్డాడు. ఈయన ఆ పిల్లని చూసి కుళ్ళుకుని వెంటపడితే, ఆవిడ ఆ పిల్లని చూసి కుళ్ళుకుని ఈయన వెంటపడింది.

“అందులో ఆ పిల్ల తప్పులు రాసుకుంటున్నానే! మొదటి పేజీలు చూడు!”

“మొదటి పేజీలు ఎవరు చూస్తారు?” అంది అక్క. ఆ గొంతులో కోపం అప్పటికే సగం దిగింది.

ఇంతలో లైట్లు వెనక్కి తిరిగాయి. కేక విని జింక పరిగెత్తుకొచ్చింది, వెనకాలే గుంపంతా. లైటు బావ మొహమ్మీద పడింది. బావకి భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆ పిల్ల మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

“కాలికేమైంది సార్? రేపట్నించి ముందే రండి, మాతోపాటు. ఇలా వెనక వెనక ఎందుకు?”

“నీకు… తెలుసా?”

“మొదటిరోజే తెలుసు సార్. మీ ఎడమ బూటు కిర్రుమంటుంది కదా.” తల వంచుకుంది. “అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా. తప్పు చెప్తే మీరు ఊరుకోరని… ఎప్పుడు దిద్దుతారా అని చూశా. నిన్న దిద్దారు. చాలా సంతోషమేసింది సార్.”

“నిన్నా?” అంది అక్క.

“నిన్నేనండీ, సరిగ్గా ఇక్కడే. ఏడూ రాతి కమాన్లే అని నేను చెప్తుంటే సార్ చీకట్లోంచి మెల్లగా అన్నారు. గొంతు బొంగురుగా ఉంటే మంచు పట్టిందేమో అనుకున్నా.” జింక ఆ గొంతు అనుకరిస్తూ చెప్పింది — “‘మూడోది రాయి కాదమ్మా… ఇటుక. పైన గచ్చు పూసి రాయిలా గీతలు గీశాం.’”

గీశాం.

అక్క బావ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉందట. నిన్న ఆయన మంచం దిగలేదని ఆవిడకి తెలుసు. ఆయనకీ తెలుసు.

బావ ఒకాయన తల లైటు అడిగి తీసుకుని పైకి వేశాడు. మూడో కమాను. పదిహేడేళ్ళుగా దాని కింద నిలబడి ‘ఒక్క అతుకు కనబడని రాతిపని’ అని చెప్పిన కమాను. పక్కన ఒక మూల పెచ్చు లేచి ఉంది. గోటితో గీకాడు. తెల్లటి సున్నం పొడి రాలింది… దాని వెనక ఎర్రగా ఇటుక.

అందరూ చూస్తున్నారు. జింక కళ్ళు మెరుస్తున్నాయి.

“మీరు చెప్పింది నిజమే సార్! నాకు నేర్పేటప్పుడు ఇది చెప్పలేదేం? మీరే కదూ అన్నది?”

ఇక్కడ బావ కథ ఆపి వేలు ముంచి చూశాడు. బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏమన్నావు బావా?”

“‘అవునమ్మా, నేనే’ అన్నాను,” అన్నాడు, నా వైపు చూడకుండా.

జింక గుంపు వైపు తిరిగి, “వీరే మా గురువుగారు,” అని చెప్పిందట. అందరూ చప్పట్లు కొట్టారు. కమాన్ల కింద ఆ చప్పట్లు జడివానలా మోగాయి. తర్వాత ఒక్కొక్కళ్ళే ఆపేశారు.

అందరూ ఆపేశాక కూడా… వెనక, చీకట్లో, ఎవరో ఒక్కరు — నెమ్మదిగా, తాపీగా — ఇంకా కొడుతూనే ఉన్నారు. టప్… టప్… టప్.

ఆ తర్వాత అదీ ఆగింది.

“నేనూ విన్నాను,” అంది అక్క. దిద్దలేదు.

నా వీపు మీద చీమలు పాకినట్టయింది. “అయితే బావా… నీకు భయమేయలేదూ?”

బావ బకెట్లోంచి కాలు తీసి, తువ్వాలుతో తుడుచుకున్నాడు.

“భయమా?” అన్నాడు చివరికి. “పదిహేడేళ్ళు ఆ కమాను కింద పరిగెత్తానురా. ఎండలో, వానలో, జ్వరంతో. ఒక్కసారి… ఒక్కసారైనా ఆ గీతలు గీసినవాడు నాతో నోరు విప్పాడా? నిన్న కాక మొన్న వచ్చిన పిల్లకి చెప్పాడు!”