నిండు బీమ్

బ్యాగు ఒకటే. లింగమూర్తి తన చొక్కాలు రెండు పెట్టి, పైన నవత ఆకుపచ్చ చీర మడిచి పెట్టాడు.

"నాలుగు నెలల్ల చీర మడత గూడ నేర్సుకోలె," అంది నవత.

నాలుగు నెలలుగా మగ్గాల కార్ఖానాల పేట భేస్తాన్‌లో వాళ్లు భార్యాభర్తలు. ఆఫీసు ఫైల్లో మాత్రం ఇద్దరు ఏజెంట్లు. అతనిది పవర్‌లూమ్ కార్మికుడి వేషం. ఆమె డబుల్ ఏజెంట్. విదేశానికి పనిచేసే ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. సాయంత్రం పుణె రైలెక్కితే మిషన్ ముగిసినట్టే. తర్వాత ఎవరి పోస్టింగ్ వారిది.

ఫోన్‌లో చీఫ్ రాంప్రసాద్ బ్రీఫింగ్ ఇచ్చాడు. "దొంగిలించిన రిసీవర్ లాంటిది ఇంకొకటి లేదు. దూరపు గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టే ముందు గుమిగూడే హైడ్రోజన్ సన్నటి సిగ్నల్‌ను మన రేడియో టెలిస్కోప్ దానితోనే వింటుంది. అది దేశం దాటితే దానితో మన సరిహద్దు వైర్‌లెస్ వింటారు. లారీ పదకొండుకు ఓడరేవుకు కదులుతుంది. ఈలోగా మార్చేయండి."

నకిలీ రిసీవర్ టిఫిన్ డబ్బాలో ఉంది. అసలుది ఏ సరుకులో దాచారో ముఠా నవతకు కూడా చెప్పలేదు.

"కోడ్ యాదున్నదా? చాయ్ సల్లారింది అంటె?" అడిగాడు లింగమూర్తి.

"నా ఎంబడి రావద్దని. ఆ మాట అనే పని పడది తియ్."

పది నలభై. కార్ఖానా ముందు లారీకి సరుకెక్కిస్తున్నారు. బట్ట తానులు, మగ్గానికి నూలు చుట్టి పెట్టే బీములు, అన్నీ ఖాళీవి. నలుగురు మోసుకొచ్చిన ఒక బీమ్ నిండా నూలుంది. లింగమూర్తి మగ్గాల మధ్య పుట్టినవాడు. నిండు బీమ్ కార్ఖానాలోకి వస్తుంది, నేత అయ్యాక ఖాళీగా బయటికి పోతుంది. ఇది నిండుగానే పోతోంది. ముఠాలో మగ్గం ఎరిగినవాడు ఒక్కడూ లేడన్నమాట.

అతని చూపు నవతకు అర్థమైంది. నల్లకళ్లద్దాలు సర్దుకుని, ముఠా నాయకుడు శ్యాంసుందర్‌ను పక్కకు తిప్పింది.

"నీ లారీ కన్న నా చెప్పులే గట్టిగున్నయి. ఓడ దాంక పోతదా ఇది?"

వాడు నవ్వేలోపు లింగమూర్తి లారీ ఎక్కాడు. బీమ్ గొట్టం మూత తిప్పి, రిసీవర్ లాగి, డబ్బాలోని నకిలీది దూర్చి, అసలుది డబ్బాలో పెట్టాడు. మూత బిగిసేసరికి పది యాభై తొమ్మిది.

శ్యాంసుందర్ మీటర్ తీశాడు. "ఒకసారి టెస్ట్ చేస్త."

"నడిరోడ్డు మీదనా? ఓడ మీద చేస్కో," అంది నవత. "నమ్మకం లేకుంటె అందాక నేను నీ ఎంబడే ఉంట."

వాడు మీటర్ జేబులో పెట్టి కేబిన్ తలుపు తీశాడు. ఆమె ఎక్కుతూ, టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది.

"ఇగో, చాయ్ సల్లారింది. పారబొయ్యి."

అతను కదల్లేదు. కదిలితే డబ్బాలోది పోతుంది.

హైవే మీద కామ్‌రేజ్ దగ్గర, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ మనవాళ్లకు దొరికింది. బీమ్ ఉంది, దాని గొట్టం ఖాళీ. కేబిన్‌లో ఎవరూ లేరు.

నెల తిరక్కుండా టెలిస్కోప్ తొమ్మిది వందల కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన సిగ్నల్‌ను పట్టింది. రాంప్రసాద్ రిపోర్టులో రాశాడు: "నష్టం: నకిలీ రిసీవర్ ఒకటి."

నవత తిరిగి రాలేదు. రిపోర్టు కింద తేదీ మాత్రం ఉంది: 2024 నవంబరు 19, మంగళవారం.