చెరిపేసిన పేరు

భోజనాల వేళ. చేపల శీతల గిడ్డంగి ఆఫీసులో ఆమె ఒక్కతే కంప్యూటరు ముందు కూర్చుంది. అక్కడి తలుపులు నడిపే ప్రోగ్రాము రాసింది ఆమే.

పద్ధతి తేలికే. పనివాళ్లందరికీ తలా ఒక వేరియబుల్, అంటే మాట రాసి దాచుకునే గడి, వాళ్ల పేరుతోనే. కార్డు గీకగానే ప్రోగ్రాము ఆ పేరున్న వేరియబుల్‌ను వెతికి పట్టుకుని, అందులో 'లోపల' అనో 'బయట' అనో రాస్తుంది. ఒక్క 'లోపల' కూడా మిగలనప్పుడే చలిగదికి తాళం పడుతుంది. పడితే లోపల్నుంచి తెరుచుకోదు.

ఆమె అక్క అక్కడే ఎలక్ట్రీషియను. అందరూ మెరుపు అనేవారు. ప్రోగ్రాములోనూ అదే పేరు. పోయిన నెల మేనేజరుతో మాటా మాటా పెరిగింది. "నువ్వు పనిలో లేవు, పో" అని, అతను వెళ్లి ఆ పేరు చెరిపేశాడు. అక్క ఇంకా చలిగదిలో తన పనిముట్లు సర్దుకుంటోంది. లేని పేరు కోసం తలుపేం ఆగుతుంది? తెల్లారి తీసేసరికి ప్రాణం పోయి, కొయ్యబారి ఉంది.

"ప్రోగ్రాములో తప్పు" అన్నాడు మేనేజరు. నింద చెల్లెలి నెత్తిన పడింది. అది తల్చుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

ఇవాళ అతనే పేరు చెరిపేశాడన్న రుజువు కోసం వచ్చింది. చెరిపేసిన పేరు అడిగితే 'అలాంటి పేరు లేదు' అని రావాలి. పళ్లు కొరుకుతూ 'మెరుపు' అని కొట్టింది.

'లోపల.'

ప్రోగ్రామంతా మొదటి వరస నుంచి గాలించింది. ఆ పేరు ఎక్కడా లేదు. మళ్లీ అడిగింది.

'లోపల.'

కాలిన తీగ వాసన... గోడ అవతల, చలిగది వైపు, సన్నగా... టక్... టక్...

"ఇంకా తవ్వుతున్నావా?" గుమ్మంలో మేనేజరు.

"మా అక్క లోపలుందంటోంది ప్రోగ్రాము."

"మతి పోయిందా నీకు? ఉండు, చూసొస్తా. దాంతో నీ నోరు మూతపడాలి."

విసవిసా వెళ్లాడు. కార్డు గీకాడు. తలుపు తెరుచుకుంది. మూసుకుంది. తాళం పడింది.

పడకూడదు. ఆమె అతని పేరు కొట్టింది.

'అలాంటి పేరు లేదు.'

ఆ పేరునెవరూ ముట్టుకోలేదు. లోపల్నుంచి బాదుతున్నాడు. ఆమె కదల్లేదు. ఒక నిమిషం... రెండు... బాదనీ. అక్క కూడా ఇలాగే బాది ఉంటుంది.

"చాలక్కా," అని గొణిగింది చివరికి. లేచి, తాళంచెవితో తలుపు తీసింది.

అతను బయటికొచ్చి కూలబడ్డాడు. కనుబొమల నిండా మంచు. చేతిగోళ్లు అంగుళం పొడుగు పెరిగి, విరిగి ఉన్నాయి. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఆమెను చూశాడు.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు గుసగుసగా.